పద్దెనిమిది నిండిన మర్నాడు

పద్దెనిమిదేళ్లు నిండితే చేతికి ఓటొస్తుంది. ఆడపిల్లకైతే పెళ్లి చేయొచ్చని చట్టం ఒప్పుకుంటుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం ఆ పుట్టినరోజుతో బడి మూతబడుతుంది. సర్వశిక్షా అభియాన్ కింద మండల కేంద్రాల్లో వెలిసిన భవిత కేంద్రాలు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లవి. 1995 చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టమూ ఉచిత విద్యను పద్దెనిమిది దగ్గరే ఆపాయి. మర్నాటి నుంచి వాళ్లను చూసేదెవరు? జవాబు అందరికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్న చట్టాల్లోకి రాలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కొందరు తల్లులతో మాట్లాడాక, ఈ 'అందరికీ తెలిసిన' జవాబు వెనక ఉన్న చరిత్రను చూడాలనిపించింది.

1912 నాటి లూనసీ చట్టం 'ఇడియట్' అనే మాటను పిచ్చివాడి నిర్వచనంలోనే కలిపేసింది. 1987 మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని జబ్బుల జాబితా నుంచి బయటకు తీసింది. అది సరైన పనే. కానీ ఆసుపత్రి బాధ్యత నుంచి తప్పించిన వాళ్లను ఇంకెవరికీ అప్పగించలేదు. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది. పులివెందుల తల్లికి అది ఒక రాత్రి బస్సు ప్రయాణం. 1995 చట్టం వైకల్యాల జాబితాలో బుద్ధిమాంద్యాన్ని చేర్చింది గానీ, మూడు శాతం ఉద్యోగాల్లో వాళ్లకు వాటా ఇవ్వలేదు. ఆ వాటా దక్కడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఆటిజం, మానసిక అస్వస్థత వంటి వాటితో కలిపి పంచుకోవాల్సిన ఒక్క శాతం. అంటే ఇరవై ఒక్క ఏళ్లపాటు చట్టం వీళ్లను పిల్లలుగానే చూసింది. పని చేయగల పెద్దవాళ్లుగా ఊహించలేదు.

చట్టం ఊహించకపోయినా ఇల్లు ఊహించింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల చేనేత ఇళ్లలో కండెలు చుట్టే పని ఆడవాళ్లదీ పిల్లలదీ. చదువు అబ్బని పిల్లకూ ఆ పనిలో చోటుండేది. మగ్గం పోయిన ఇంట్లో ఆ చోటూ పోయింది. ఇప్పుడు తల్లి కూలికి పోవాలి, పెద్దదైన బిడ్డను కనిపెట్టుకునీ ఉండాలి. ఒకామె అన్న మాట: "బడి ఉన్నెన్నాళ్లూ పగులు పనికి పోతాంటి మేడమ్. ఇప్పుడు యాడికీ పోయేదానికి లేదు." బిడ్డకు బడి ఆగిన రోజే ఆమెకు కూలీ ఆగింది. ఈ రెండో నష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు.

కూతురైతే భయం ఇంకా ముందే మొదలవుతుంది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహపు అమ్మాయిలకు పుణేలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత సాకు. స్త్రీల సంఘాలు గొంతెత్తాయి. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు, బుద్ధిమాంద్యమున్న యువతికైనా ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయకూడదంది. రెండింటి మధ్యా పదిహేనేళ్లు. ఈ రెండు సందర్భాల్లోనూ ఆ ఆడపిల్లలున్నది ప్రభుత్వ సంరక్షణలోనే. 'హోములో వేయండి' అన్న సలహాకు తల్లులు ఎందుకు భయపడతారో వేరే చెప్పాలా?

మన కథలు ఈ పరివర్తనను ఎలా చూశాయి? వెర్రి వెంగళప్పను చూసి నవ్వుకున్నాం. అతనికి అన్నం పెట్టిందెవరని అడగలేదు. 1986 నాటి 'స్వాతిముత్యం'లో అమాయకుడైన కథానాయకుడు బామ్మ చేతుల్లోంచి భార్య చేతుల్లోకి వస్తాడు. మనం కన్నీళ్లు పెట్టుకుని చూసిన ఆ సినిమా చెప్పిన పరిష్కారం మరో స్త్రీ. ఆ కథను తిప్పి చూద్దాం. అమాయకురాలైన అమ్మాయిని జీవితాంతం చూసుకునే భర్త మన ఊహకు అందుతాడా?

1999లో రెండు విషయాలు జరిగాయి. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో, తండ్రి బతికుండగా కూడా తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది చివర నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిది నిండిన బిడ్డకు సంరక్షకత్వం కావాలంటే కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న తల్లికి కాగితం అవసరమైంది. ఆ కాగితం హక్కునిచ్చింది, సాయం ఇవ్వలేదు. పగటి సంరక్షణకు 'వికాస్', పెద్దవాళ్లు కలిసి ఉండటానికి 'ఘరౌందా' అని పథకాలున్నాయి. వాటిని నడపాల్సింది ట్రస్టు దగ్గర నమోదైన స్వచ్ఛంద సంస్థలు. సంస్థ ముందుకు రాని ఊరికి పథకం రాదు.

సదరం సర్టిఫికెట్ ఉంటే వచ్చే పింఛను 2024లో 6,000 రూపాయలైంది. అది చిన్న మాట కాదు. అయితే డబ్బు బిడ్డ పక్కన కూర్చోదు. తోడుగా మనిషి కావాలి, పగలు వెళ్లడానికి చోటు కావాలి, చేతనైన పని కావాలి, తల్లి తర్వాత ఉండటానికి ఇల్లు కావాలి. ఈ మూడు ఊళ్లలో భవిత గదులున్నాయి. ఆ గుమ్మాన్ని పద్దెనిమిది దాటిన వాళ్లకూ తెరవమని అడగడంతో మొదలుపెట్టొచ్చు. అందులో పనిచేసేదీ ఎక్కువగా ఆడవాళ్లే అవుతారు. వాళ్లకు గౌరవ వేతనం కాక, పూర్తి జీతం అడగాలి. లేకపోతే ఒక స్త్రీ చాకిరీని ఇంకో స్త్రీ మీదికి మార్చినవాళ్లమే అవుతాం.