మైపాటి కాలువగట్టు



అమెరికా దేశమున విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. అచ్చట ఎల్రాయ్, స్పార్టా అను రెండూళ్ల నడుమ నొకప్పుడు రైలు నడచెడిది. రాబడి తగ్గి యా దారి మూతపడగా, పట్టాలను పెఱికివైచి, కట్టను చదునుచేసి, 1967లో దానిని సైకిళ్లవారికిని పాదచారులకును విడిచిరి. దారి 32 మైళ్లు. నడుమ మూడు సొరంగములు. ఇతరదేశములవారును విడిచిన రైలుకట్టల నిట్లే బాటలు చేసికొనిరి.

మన నెల్లూరు తీరమున కథ తలక్రిందైనది. ఇచ్చట రైలు గెలిచినది. ఓడి మూలబడినది నీటిదారి. ఆ నీటిదారి గట్టుమీద, మైపాటి వంతెనకడ నుండి దక్షిణముగా, సైకిలుపై నేనొకదినము పోయివచ్చితిని. ఆ ప్రయాణమును, ఆ గట్టు చరిత్రమును మీకు విన్నవించెదను.

మైపాటికి పోవువారెల్లరు సముద్రస్నానమునకై పోవుదురు. వంతెన దాటునపుడు క్రింద నిలిచియున్న నల్లని నీటిని చూచి యేదో ఉప్పుటేఱనుకొని సాగిపోవుదురు. అది యేఱు కాదు, మనుష్యులు పారలతో త్రవ్విన బకింగుహాం కాలువ. 1806లో బాసిల్ కొక్రేన్ అను దొర చెన్నపట్టణము నుండి ఎన్నూరు వఱకు 11 మైళ్ల కాలువ త్రవ్వించెను. పిమ్మట నది పులికాటు వఱకు సాగినది. 1837లో ప్రభుత్వమువారు దానిని స్వాధీనపఱచుకొని, క్రమముగా దుగరాజపట్నము, కృష్ణపట్నములమీదుగా పెదగంజాము వఱకు పొడిగించి, కొమ్మమూరు కాలువతో కలిపిరి. దక్షిణమున మరక్కాణము వఱకు పోయినది. మొత్తము సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 మన ఆంధ్రరాష్ట్రములోనివి. సముద్రమునకు సమాంతరముగా పోవు కాలువ యగుటచే నదీముఖముల నడ్డముగా దాటవలసియుండెను. అట్టిచోట్ల లాకులు కట్టి పోటుపాటుల నదుపులో నుంచిరి.

ప్రొద్దు పొడిచిన వెంటనే బయలుదేఱితిని. మొదట గట్టు బండిపట్టునంత వెడల్పుగా, గట్టిగా నుండెను. తూర్పున సరుగుడుతోపు, పడమట రొయ్యలగుంటలు. సరుగుళ్ల హోరు, సముద్రపు హోరు వేఱుచేసి వినుట నాకు సాధ్యముకాలేదు. నీటిలో నాటుపడవపై నొకడు వల విసరుచుండెను. సాయంకాలము వఱకు నాకంటబడిన పడవ యదియొక్కటే.

గట్టు కొన్నిచోట్ల మనిషి నిలువెత్తునకు పైగా నున్నది. ఇంత మన్ను ఎవ్వరెత్తిరి? 1876వ సంవత్సరము, మన లెక్కను ధాత నామ సంవత్సరము, చెన్నరాజధానియందు మహాక్షామము పుట్టి 1878 వఱకు పీడించెను. లక్షలకొలది జనులు మడిసిరి. కఱవుపనులు పెట్టి కూలి యిచ్చిరి. ఆ పనులలో నీ కాలువపని యొకటి. చెన్నపట్టణమున అడయారును కూవమును కలుపు అయిదు మైళ్ల భాగము 1877, 78లలో నిట్లే త్రవ్వబడినది. మన తీరమున కాలువను ఉత్తరమునకు పొడిగించుపనియు ఆ కాలమునకు ముందు వెనుకలుగా సాగినదే.

కూలి యెంత యన్నచో వినుడు. 1877 జనవరిలో, సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి పురుషునికి దినమునకొక పౌను ధాన్యమును, చేతిలో కొలదిపాటి పైకమును చాలుననెను. పౌననగా మన పాతతూనికలో వీసెలో మూడవవంతు. దానితో మన్ను మోయువాని దేహము నిలువదని రాజధాని ఆరోగ్యాధికారియగు డాక్టరు కార్నిష్ గట్టిగా నెదిరించెను. పిమ్మట కూలి కొంత పెంపబడెను. అంతలోపల పడిపోయినవారి సంగతి యెవరు చెప్పగలరు? కాలువకు మాత్రము 1875 మొదలు 1880 వఱకు గవర్నరుగా నుండిన బకింగుహాం ప్రభువు పేరు పెట్టిరి. తట్టమోసినవాని పేరొకటైనను ఏ రాతిమీదను నాకు కనబడలేదు. ఇది నిష్ఠురమాడుటకై చెప్పుట కాదు. బడిలో పిల్లలకు కాలువపేరు చెప్పునప్పుడెల్ల నా నాలుక కొంచెము తడబడెడిది. ఆ మాట దాచుట యెందుకని చెప్పితిని.

మధ్యాహ్నమునకు కోడూరు పొలిమేర చేరుచుండగా సీమతుమ్మముల్లు గ్రుచ్చుకొని వెనుకచక్రములో గాలి పోయెను. చెట్టునీడను కూర్చుండి అతుకువేయుచుండగా మేకలు కాయుచున్న వృద్ధుడొకడు వచ్చి, గొట్టము పట్టుకొని సాయపడెను. గట్టు ఇంత వెడల్పుగా ఏల వేసిరని యడిగితిని. "మా నాయన తాడు భుజానేసుకోని ఈ గట్టుమిందే పడవ లాగినాడు అయ్యోరా. గాలుంటే తెరసాప, లేకుంటే తాడు. గట్టు లేకుంటే పడవ యాడ పోతాది?" అనెను. ఆ ప్రశ్నతో కాలువశాస్త్రమంతయు నాకు తెలిసినట్లయినది. అంతవఱకు గట్టును నీటికి హద్దని తలచితిని. అది దారి. నీటిలో బరువు, గట్టున బలము. రెండును కలసినచో ప్రయాణము. చెన్నపట్టణపు పొయ్యిలకు సరుగుడుకట్టెలును, ఉప్పును, బియ్యమును ఈ భుజములే లాగినవి.

1899లో చెన్నపట్టణమునుండి గూడూరు, నెల్లూరుల మీదుగా బెజవాడకు రైలు పూర్తియైనది. పడవ దినములలో పోవు దూరము రైలు గంటలలో పోయెను. తరువాత లారీలు వచ్చినవి. 1965, 1966 సంవత్సరముల తుపానులు గట్లను లాకులను దెబ్బకొట్టినవి. బాగుచేయుట వ్యయమని తలచిరి కాబోలు, కాలువ పూడసాగెను.

అయినను ఒకదినము అది తన పని చూపినది. 2004 డిసెంబరు 26న ఉప్పెన వచ్చినపుడు, పెదగంజాము మొదలు చెన్నపట్టణము వఱకు సముద్రజలము కాలువలో పడి, కొన్నిచోట్ల మాత్రము పొర్లి, పదిపదునైదు నిమిషములలో వెనుకకు మఱలినది. కాలువకు లోపల నున్న జాలరులలో ననేకులు దానివలన బ్రతికిరి. 2008లో కేంద్రప్రభుత్వమువారు దీనిని నాలుగవ జాతీయజలమార్గములో చేర్చిరి. నీటికి గౌరవము దక్కినది, సంతోషమే. గట్టును తలచినవారు తక్కువ.

అతుకు ఆరినపిదప మఱికొంత దూరము పోయితిని. ఒకచోట గుంటలకు నీరు పెట్టుటకై గట్టును అడ్డముగా కోసియుండిరి. సైకిలును భుజమునకెత్తుకొని బురదలో దిగి దాటితిని. అరమైలు పోవునప్పటికి మఱియొక కోత, మొదటిదానికి మూడింతలు. మేకలతో వెంటవచ్చిన ఆ వృద్ధుడు దూరమునుండియే చేయి యూపి, "ముందర గట్టు లేదు అయ్యోరా, పోలేరు" అని కేకవేసెను.

వెనుకకు మఱలితిని. మైపాటి వంతెన చేరునప్పటికి సంజ వ్రాలినది. స్నానమునకు వచ్చినవారు బండ్లెక్కి పోవుచుండిరి. చక్రములకంటిన బంకమన్నును పుల్లతో గీకి, నెల్లూరు దారి పట్టితిని.