చీరల మూట నుంచి పార్సిల్ కవరు దాకా

విజయవాడలో మేముండే అపార్ట్‌మెంట్‌లో 24 ఫ్లాట్లున్నాయి. అందులో నాతో కలిపి అయిదుగురం ఆడవాళ్ళం ఇంట్లోంచే ఏదో ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. మొదటి అంతస్తులో పొడులు, పచ్చళ్ళు. రెండో అంతస్తులో ఇద్దరు పిల్లల బట్టలు అమ్ముతారు. మా ఎదురింటావిడవి వన్ గ్రామ్ గోల్డ్ నగలు. నావి మంగళగిరి కాటన్ చీరలు. సాయంత్రం నాలుగయ్యేసరికి కొరియర్ అబ్బాయిలతో లిఫ్టు ఖాళీ ఉండదు, వాచ్‌మన్ గొణుగుతూనే ఉంటాడు. స్మార్ట్‌ఫోన్ వచ్చాకే ఈ ఇంటి వ్యాపారాలు పుట్టాయని మా పిల్లల నమ్మకం.

నాకు మాత్రం ఈ వ్యాపారం చాలా పాతదే అనిపిస్తుంది. ఎందుకంటే ఇదే మంగళగిరి చీరలు మా అత్తగారు 1980ల్లో గుంటూరులో అమ్మారు. పొద్దున్న బస్సెక్కి నేత ఇళ్ళకు వెళ్ళి పది, పన్నెండు చీరలు మూట కట్టుకొచ్చేవారట. మధ్యాహ్నం మగవాళ్ళు ఆఫీసుల్లో ఉండగా, వంటిళ్ళు సర్దుకున్నాక, నడవలో చాప పరిచి మూట విప్పేవారు. డబ్బులు వాయిదాల్లోనే. నెలకు ఇరవయ్యో ముప్ఫయ్యో ఇస్తే నోట్‌బుక్కులో పేరు పక్కన రాసుకోవడం, అంతే. ఎవరైనా ఎగ్గొడతారేమోనని భయం వెయ్యలేదా అని అడిగితే, "ఎక్కడికి పోతారే, పాలవాడి దగ్గర రోజూ కనపడేవాళ్ళేగా" అనేవారు.

ఆ ఒక్క మాటలో ఆ వ్యాపారం బలమూ ఉంది, హద్దూ ఉంది. మొహం తెలిసిన వాళ్ళకే అమ్మగలరు. నాలుగు వీధులు దాటితే ఆవిడ ఎవరో కొనేవాళ్ళకు తెలియదు, కొనేవాళ్ళెవరో ఆవిడకు తెలియదు. ఇంట్లో కూర్చుని మొహం తెలియని మనిషికి సరుకు అమ్మడం, ఆ డబ్బు మన చేతికి రావడం ఎలా సాధ్యమైంది? చదివేకొద్దీ, మన దగ్గర ఆన్‌లైన్ వ్యాపారం చరిత్రంతా ఈ ప్రశ్నకు జవాబేనని నాకు అర్థమైంది.

మొదటి జవాబు పోస్టాఫీసు ఇచ్చింది. వి.పి.పి. పద్ధతి మన దేశంలో 1877లో మొదలైంది. పాత తెలుగు పత్రికల ప్రకటనల్లో పుస్తకాలకూ మందులకూ "వి.పి. ద్వారా పంపబడును" అని ఉండేది ఇదే. సరుకు పోస్టులో వస్తుంది, పోస్ట్‌మన్ డబ్బు తీసుకుని పార్సిల్ ఇస్తాడు, ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాళ్ళకు చేరుతుంది. అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ ఒకరినొకరు నమ్మమనకుండా ఇద్దర్నీ పోస్ట్‌మన్‌ని నమ్మమన్నారు. ఈనాటి క్యాష్ ఆన్ డెలివరీకి ఇదే ముత్తాత. దీనిలోని తిరకాసు కూడా అప్పటినుంచీ ఉన్నదే. తలుపు దగ్గర "నాకొద్దు" అంటే పార్సిల్ వెనక్కి వస్తుంది. పోస్టు ఖర్చు పంపినవాళ్ళ నెత్తిన.

రెండో జవాబు చిరునామా. మన రెండు రాష్ట్రాల్లో కొత్తపల్లులు, రామాపురాలు ఎన్నున్నాయో లెక్కపెట్టలేం. పైగా ఒకరు తెలుగులో రాస్తారు, ఇంకొకరు ఇంగ్లీషులో తోచిన స్పెల్లింగుతో రాస్తారు. ఈ గందరగోళం తీర్చడానికి 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి కూడా. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు ఉత్తరమన్నమాట. 1986లో స్పీడ్ పోస్ట్ మొదలైంది. ఇవాళ నేను ఫోన్‌లో పిన్‌కోడ్ కొట్టగానే "ఇక్కడికి డెలివరీ ఉంది" అని వస్తోందంటే, దాని వెనక ఆ ఆరంకెలున్నాయి.

ఆడవాళ్ళ ఇంటి పని ఊరు దాటడం మాత్రం పోస్టు వల్ల మొదలవలేదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఒక నివాస భవనం డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయల అప్పుతో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. మొదటిరోజు తయారైనవి 4 ప్యాకెట్లు. అదే లిజ్జత్ పాపడ్. పిండి కేంద్రంలో కలుపుతారు, ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకుని ఒత్తి, ఎండబెట్టి తిరిగి అప్పజెబుతారు. ఒత్తేవాళ్ళే సంస్థ యజమానులు, లాభనష్టాలు రెండూ వాళ్ళవే. ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంటి పని అలాగే ఉంది, కొనేవాళ్ళ నమ్మకం మాత్రం ఒక మనిషి మొహం మీద నుంచి ప్యాకెట్ మీది పేరు మీదకు మారింది. అందులో నాకు నచ్చేది, ఆ పేరులో పనిచేసిన ప్రతి ఆవిడకూ వాటా ఉండటం.

తర్వాత మన ఇళ్ళ రూపమే మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. వీధిలో విడివిడిగా ఉండే పాతిక కుటుంబాలు ఒకే మెట్ల చుట్టూ చేరాయి. 1996లో టప్పర్‌వేర్ మన దేశానికొచ్చి, దుకాణం లేకుండా ఇంట్లోనే నలుగురిని పిలిచి డబ్బాలు చూపించి అమ్మే పద్ధతి నేర్పింది. కిట్టీ పార్టీలకు అది చక్కగా అతికింది. అయినా కొనేవాళ్ళు తెలిసినవాళ్ళే కదా. చాప పోయి సోఫా వచ్చింది, అంతే తేడా.

మొహం తెలియని కొనుగోలుదారు నిజంగా ఇంటి దాకా వచ్చింది ఇంటర్నెట్‌తోనే. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌లో ఎవరైనా తమ వస్తువు పెట్టి అమ్ముకోవచ్చు. 2004లో దాన్ని ఈబే కొన్నది. కానీ అప్పట్లో కంప్యూటరున్న ఇళ్ళెన్ని, కార్డుతో డబ్బు కట్టేవాళ్ళెందరు?

2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఫ్లిప్‌కార్ట్‌ను మొదలుపెట్టింది బెంగళూరు కోరమంగళలోని ఒక ఫ్లాట్‌లోనే. అప్పుడు అమ్మినవి పుస్తకాలు. మొదటి పుస్తకం వెళ్ళింది మన మహబూబ్‌నగర్‌కే. అంత పెద్ద కంపెనీ కూడా ఫ్లాట్‌లో పార్సిళ్ళు కట్టుకుంటూ మొదలైందని మా ఎదురింటావిడ తరచూ గుర్తుచేస్తుంటుంది, ముఖ్యంగా వాళ్ళాయన హాల్లో అట్టపెట్టెలు చూసి విసుక్కున్నప్పుడు.

2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చాక వ్యాపారం మలుపు తిరిగింది. కార్డు లేనివాళ్ళు, ఉన్నా భయపడేవాళ్ళు కొనడం మొదలుపెట్టారు. 1877 నాటి పోస్ట్‌మన్ కొత్త యూనిఫారమ్‌లో వచ్చాడన్నమాట.

మరి అంత పెద్ద వేదికలకు మనలాంటి చిన్న అమ్మకందార్ల అవసరమేమిటి? మన మీద ప్రేమేం కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ తన సొంత సరుకును ఆన్‌లైన్‌లో నేరుగా జనానికి అమ్మడానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇతరులు అమ్ముకునే సంతగా ఉండవచ్చు, అంతే. 2013 జూన్‌లో అమెజాన్ ఇక్కడ సంత పద్ధతిలోనే మొదలైంది. 2016లో ప్రభుత్వం ఈ నియమాలను ఇంకా స్పష్టంగా రాసింది. సంత అన్నాక అమ్మేవాళ్ళు కావాలి. అలా ఫ్లాట్‌లో కూర్చున్న గృహిణికి కూడా అమ్మకందారుగా పిలుపొచ్చింది.

పిలుపుతో పాటు వి.పి.పి. నాటి పాత తిరకాసూ వచ్చింది. ఉదాహరణకు ఒక చీర మీద 150 రూపాయలు మిగులుతాయనుకోండి. రానూపోనూ రవాణాకు, కవరుకు కలిపి 160 అయితే, ఒక్క చీర వెనక్కి వస్తే ఇంకో చీర అమ్మిన లాభం పోయి పైన పది పడుతుంది. వచ్చిన చీర మడత చెదిరితే మళ్ళీ ఇస్త్రీ. ఒకసారి ఒక పెద్ద వేదిక ద్వారా వెళ్ళిన నా కొత్త చీర స్థానంలో వాడేసిన పాలిస్టర్ చీర తిరిగొచ్చింది. ఫొటోలు పంపి మొరపెట్టుకుంటే, మూడు వారాల తర్వాత సగం డబ్బు వచ్చింది. అందుకే మా అపార్ట్‌మెంట్‌లో అందరం పార్సిల్ కట్టేటప్పుడూ, తిరిగొచ్చింది విప్పేటప్పుడూ వీడియో తీస్తాం. అత్తగారి నోట్‌బుక్కు చేసిన పని ఇప్పుడు ఆ వీడియో చేస్తోంది.

2015 తర్వాత మూడు నాలుగేళ్ళలో గాలి మళ్ళీ మారింది. 2015లో మొదలైన మీషో, పెట్టుబడి లేకుండా సరుకు ఫొటోలను తెలిసినవాళ్ళకు వాట్సాప్‌లో పంపి అమ్ముకునే దారి చూపించింది. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. అదే ఏడు యు.పి.ఐ. వచ్చింది. 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు, ఫోన్‌లో కొనడం అలవాటు లేని పెద్దవాళ్ళు కూడా నేర్చుకున్నారు. నా వ్యాపారం నిలదొక్కుకుంది ఈ దారిలోనే. "అక్కా, ఆ ఆకుపచ్చ అంచుది ఇంకోటుందా?" అని అడుగుతారు, వీడియో కాల్‌లో అంచు చూస్తారు, ముందే డబ్బు పంపుతారు. తలుపు దగ్గర "వద్దు" అనే మాట దాదాపు పోయింది. నూట నలభై ఏళ్ళు తిరిగి తిరిగి వ్యాపారం మళ్ళీ మొహాలు చూసుకునే చోటికే వచ్చింది. ఆ మొహం ఇప్పుడు వరంగల్‌లో ఉండవచ్చు, డల్లాస్‌లో ఉండవచ్చు.

ఇక లెక్కల సంగతి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక, వేదికల మీద సరుకు అమ్మాలంటే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్ళకు సడలింపు ఇచ్చారు, కానీ రాష్ట్రం లోపలి అమ్మకాలకే. మనకిది ఎక్కడ తగులుతుందో చూడండి. 2014 జూన్ 2కు ముందు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు చీర పంపితే సొంత రాష్ట్రమే. ఇప్పుడది పరాయి రాష్ట్రం. మన ఆడపడుచులు, పిన్నులు, స్నేహితురాళ్ళు సగం మంది ఆ వైపే ఉంటారాయె. అందుకని నేను రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. ఇంటి చిరునామానే వ్యాపార చిరునామాగా చూపించవచ్చు. పచ్చళ్ళు, పొడులు అమ్మేవాళ్ళకైతే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

నెలనెలా ఈ రిటర్నులు తలనొప్పే. అయినా ఆ కాగితాల విలువ నాకు అత్తగారి వల్ల తెలిసింది. మామగారు పోయాక ఇల్లు బాగుచేయించుకోవాలని ఆవిడ బ్యాంకుకు వెళ్ళారు. దరఖాస్తులో వృత్తి అన్నచోట "గృహిణి" అని రాశారు, ఆదాయం అన్నచోట గీత గీశారు. ఇరవై ఏళ్ళ చీరల లెక్కలు నోట్‌బుక్కుల్లో ఉన్నాయి. వాటిలో ఒక్క బాకీ కూడా మునగలేదు. కానీ అవి బ్యాంకుకు పనికిరావు. అప్పు పుట్టలేదు. పిల్లల చదువులకు సగం డబ్బు తెచ్చిన వ్యాపారానికి ఈ లోకంలో ఒక్క కాగితమూ సాక్ష్యం లేదు.

ప్రభుత్వం చిన్న వ్యాపారాలకు 2020 జూలైలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. ఆధార్, పాన్ ఉండాలి, రుసుము లేదు. నాలాగా కొని అమ్మే చిల్లర వ్యాపారులను అందులోకి రానిచ్చింది మాత్రం 2021 జూలైలో. అదీ ముఖ్యంగా బ్యాంకు అప్పుల కోసమే. అత్తగారికి అవసరమైంది సరిగ్గా అదే, ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

అయితే కాగితం వచ్చినంత మాత్రాన సరిపోదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరి వ్యాపారాలు భర్తల పేర్లమీద ఉన్నాయి. సరుకు ఎంచేది, ఫొటో తీసేది, రాత్రి పదకొండింటికి కవర్లకు టేపు వేసేది ఆవిడ. అమ్మకందారు పేరు, బ్యాంకు ఖాతా ఆయనవి. "ఇంట్లో ఎవరి పేరైతేనేం" అంటారు. బాగున్నన్నాళ్ళూ ఎవరి పేరైనా ఒకటే. బ్యాంకు కిటికీ దగ్గర మాత్రం ఒకటి కాదు. అందుకే ఎవరైనా కొత్తగా మొదలుపెడుతున్నానని సలహా అడిగితే, ఏం అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నవి తర్వాత చెబుతాను. ముందు ఖాతా ఎవరి పేరున తెరిచావమ్మా అని అడుగుతాను.