మలద్వారపు దురద

మలద్వారపు దురద అనగా మలద్వారం చుట్టూ ఉన్న చర్మంపై పదే పదే కలిగే దురద, ఎరుపుదనం, దద్దు. వైద్య పరిభాషలో దీనిని ప్రూరిటస్ ఏనై అంటారు. ఇది ఒక ప్రత్యేక వ్యాధి కాదు. అనేక వ్యాధులలోనూ, కొన్ని అలవాట్ల వలననూ కనిపించే లక్షణం. జనాభాలో సుమారు 1 నుంచి 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువ. సిగ్గు వలన చాలామంది వైద్యుని సంప్రదించక, మందుల దుకాణంలో ఇచ్చిన లేపనాలను నెలల తరబడి వాడుతుంటారు. ఇందువలన బాధ తగ్గకపోగా అసలు వ్యాధి మరుగున పడే ప్రమాదం ఉంది.

దురద కలిగే విధానం

మలద్వారం చుట్టూ ఉన్న చర్మం పలుచనిది, ముడతలు గలది. ఇందులో నాడీ తంతువుల చివరలు అధికంగా ఉంటాయి. మలద్వారాన్ని మూసి ఉంచే లోపలి వలయ కండరం వదులైతే కొద్దిపాటి మలం, జిగురు బయటకు ఊరి ముడతలలో నిలుస్తాయి. వాటిలోని ఎంజైములు, సూక్ష్మజీవులు చర్మాన్ని మండిస్తాయి. దురద వలన గోకుతారు. గోకడం వలన చర్మం చిట్లుతుంది. చిట్లిన చర్మం మరింత దురద పెడుతుంది. ఈ విషవలయం కొనసాగితే చర్మం దళసరియై, తెల్లగా పాలిపోయి గీతలు పడుతుంది. మొదటి కారణం తొలగిపోయినా దురద మిగిలిపోవడానికి ఇదే హేతువు.

కారణాలు

స్పష్టమైన కారణం కనపడని దురదను ప్రాథమికమని, వేరొక వ్యాధి వలన వచ్చే దానిని ద్వితీయమని విభజిస్తారు. ముఖ్యమైన కారణాలు ఇవి:

* శుభ్రత లోపం, అతి శుభ్రత: రెండూ హాని చేసేవే. సబ్బుతో గట్టిగా రుద్దడం, క్రిమినాశక ద్రవాలను వాడడం వలన చర్మంలోని సహజమైన జిడ్డు పోతుంది. నీటితో కడుక్కున్న తరువాత తడి ఆర్పుకోకపోవడం కూడా ఒక కారణమే.
* ఆహారం: కాఫీ, టీ, కోలా పానీయాలు, బీరు, చాక్లెట్, టమాటా, నిమ్మజాతి పండ్లు, అధిక కారం కొందరిలో దురదను పెంచుతాయి.
* స్పర్శ వలన కలిగే చర్మశోథ: తడి తుడుపు కాగితాలలోని నిల్వ రసాయనాలు, సువాసన ద్రవ్యాలు, మొలల లేపనాలలో తిమ్మిరి కలిగించే మందులు, నియోమైసిన్ వంటివి కొందరికి సరిపడవు.
* శిలీంధ్రాలు: తామర, క్యాండిడా. చెమట ఎక్కువగా పట్టే వారిలోను, మధుమేహం ఉన్నవారిలోను ఇవి తరచుగా వస్తాయి.
* బాక్టీరియా: ఎరిత్రాస్మా అనే వ్యాధిలో గోధుమ ఎరుపు మచ్చలు ఏర్పడతాయి. చిన్నపిల్లలలో స్ట్రెప్టోకోకస్ వలన స్పష్టమైన అంచు గల ఎర్రని దద్దు, మల విసర్జనలో నొప్పి కలుగుతాయి.
* పరాన్నజీవులు: నులిపురుగులు, గజ్జి.
* చర్మవ్యాధులు: సోరియాసిస్, ఎగ్జిమా, లైకెన్ స్క్లెరోసస్.
* మలద్వార వ్యాధులు: మొలలు, చీలిక, భగందరం.
* సుఖవ్యాధులు: పులిపిర్లు, హెర్పిస్, సిఫిలిస్.
* ఇతర శరీర వ్యాధులు: మధుమేహం, కాలేయ వ్యాధులు, మూత్రపిండాల వైఫల్యం, ఇనుము లోపం.

అరుదుగా బోవెన్ వ్యాధి, పేజెట్ వ్యాధి అనే కాన్సర్ సంబంధమైన స్థితులు మామూలు ఎగ్జిమా వలెనే కనిపిస్తాయి.

పిల్లలలో దురద

బడి ఈడు పిల్లలలో రాత్రివేళ దురద ఉంటే ముందుగా నులిపురుగులను అనుమానించాలి. ఆడ పురుగులు రాత్రి వెలుపలికి వచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి. పిల్లలు గోకినప్పుడు గుడ్లు గోళ్ళలో చేరి, తిరిగి నోటిలోనికి పోతాయి. ఉదయం స్నానానికి ముందు జిగురు టేపును చర్మానికి అంటించి తీసి, సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లు కనిపిస్తాయి. ఆల్బెండజోల్ మందు పురుగులను చంపుతుంది గాని గుడ్లను పూర్తిగా నశింపజేయలేదు. కనుక రెండు వారాల తరువాత మరొక మోతాదు ఇస్తారు. ఇంటిలోని వారందరికీ ఒకేసారి చికిత్స చేయడం, గోళ్ళు కత్తిరించడం, దుప్పట్లు ఉతకడం అవసరం.

నిర్ధారణ

దురద ఎప్పటినుంచి ఉన్నది, ఏ వేళ ఎక్కువ, ఏయే లేపనాలు వాడారు, ఇంటిలో మరెవరికైనా ఉన్నదా అనే విషయాలను వైద్యుడు అడిగి తెలుసుకుంటాడు. చర్మాన్ని, అవసరమైతే మలద్వారం లోపలి భాగాన్ని పరీక్షిస్తాడు. చర్మం నుంచి గీకిన పొలుసులలో శిలీంధ్రాలను గుర్తించవచ్చు. వుడ్స్ దీపం కాంతిలో ఎరిత్రాస్మా పగడపు ఎరుపు రంగులో మెరుస్తుంది. రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేస్తారు. చికిత్సకు లొంగని దద్దు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించడం తప్పనిసరి.

చికిత్స

ద్వితీయ దురదలో మూలకారణానికే చికిత్స చేయాలి. తామరకు శిలీంధ్రనాశకాలు, స్ట్రెప్టోకోకస్‌కు నోటి ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు. కారణం ఏదైనా పాటించవలసిన సాధారణ నియమాలు ఇవి:

* మల విసర్జన తరువాత మంచినీటితో మాత్రమే కడిగి, మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్ది తడి తీయాలి.
* సబ్బులు, పౌడర్లు, సువాసన గల తుడుపు కాగితాలు మానాలి.
* వదులైన నూలు లోదుస్తులు ధరించాలి.
* అనుమానం ఉన్న ఆహార పదార్థాలను కొన్ని వారాలు మాని, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తీసుకుని గమనించాలి.
* జింక్ ఆక్సైడ్ లేపనం చర్మంపై రక్షక పొరగా పనిచేస్తుంది.

వైద్యుని సలహాపై 1 శాతం హైడ్రోకార్టిజోన్ లేపనాన్ని సాధారణంగా రెండు వారాలకు మించకుండా వాడతారు. దీనికి లొంగని దురదకు క్యాప్సైసిన్ లేపనం ఒక మార్గం. క్యాప్సైసిన్ మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థమే. తింటే కొందరికి దురద పెంచే కారం, అతి పలుచని 0.006 శాతం లేపనంగా పూసినప్పుడు నాడుల స్పందనను తగ్గిస్తుంది. 2003లో వెలువడిన ఒక ఇజ్రాయెల్ పరిశోధనలో 44 మందిలో 31 మందికి దీనివలన ఉపశమనం కలిగింది. మొదట కొంత మంట కలుగుతుంది. మరీ మొండి దురదకు మిథిలీన్ బ్లూను చర్మం కింద సూదితో ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

స్టెరాయిడ్ లేపనాలతో ప్రమాదం

భారతదేశంలో బలమైన స్టెరాయిడ్, శిలీంధ్రనాశకం, యాంటీబయాటిక్ కలిపిన లేపనాల వాడకం విస్తృతంగా ఉంది. స్టెరాయిడ్ దురదను వెంటనే అణచివేస్తుంది కనుక జబ్బు నయమైనదనే భ్రమ కలుగుతుంది. కాని తామర లోలోపల వ్యాపించి రూపు మార్చుకుంటుంది. చర్మం పలుచబడుతుంది, చారలు పడతాయి. ఈ కారణంగా 2018లో భారత ప్రభుత్వం పలు స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీతో మాత్రమే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది.

దురద కనిపించగానే మొలలని భావించి, అర్హత లేనివారి వద్ద సూదిమందులు వేయించుకోవడం కూడా ప్రమాదకరమే. ఘాటైన రసాయనాల వలన పుండ్లు ఏర్పడి మలద్వారం ముడుచుకుపోవచ్చు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

రక్తస్రావం, గడ్డ, చీము, మానని పుండు, మల విసర్జన అలవాటులో మార్పు, బరువు తగ్గడం ఉన్నప్పుడు ఆలస్యం చేయరాదు. ఇవేవీ లేకున్నా పైన చెప్పిన జాగ్రత్తలతో కొన్ని వారాలలో తగ్గని దద్దును చర్మవ్యాధి నిపుణునికి గాని, శస్త్రవైద్యునికి గాని చూపించాలి. ఇది వైద్యులు నిత్యం చూసే సమస్యే. సకాలంలో కారణం తెలిస్తే చాలామందికి పూర్తి ఉపశమనం లభిస్తుంది.