జీను నుంచి జాకెట్టు దాకా

గడ్డపోతారంలో మా ఇంటి ముందు గదిలో అమ్మ కుట్టు మిషన్, వెనక రేకుల షెడ్డులో చిన్నాయన తెల్ల గుర్రం. పొద్దున మందుల కంపెనీల బస్సులు మొదటి షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని పోయాక అమ్మ తొక్కుడు మొదలుపెడుతుంది. జాకెట్లు, ఫాల్సు, బడిపిల్లల యూనిఫాంలు. గుర్రం పని సాయంత్రాలు. పెళ్లిళ్ల రోజుల్లో జిన్నారం నుంచి పటాన్‌చెరు దాకా బరాత్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. నాందేడ్ జిల్లా మాలెగావ్ జాతరలో కొన్న గుర్రం అది. అక్కడి ఖండోబానే మనం మల్లన్న అంటాం. గుర్రమెక్కిన దేవుడి పేరున జరిగే జాతర కాబట్టి గుర్రాల సంత కూడా అక్కడే. మా ఇంట్లో అందరికీ ఆ గుర్రమంటే ప్రాణం. ముందు దానికి గడ్డి పడ్డాకే మాకు అన్నం.

ఒక మాఘమాసంలో చిన్నాయన బజార్లో కొన్న, గుర్రం మీద వేసే జరీ కప్పు తెచ్చి అమ్మ ముందు పడేశాడు. చూడ్డానికి మెరిసిపోతోంది. కానీ లోపలి వైపు జరీ తీగలు భుజం మీద రాసుకుని గుర్రానికి బొచ్చు ఊడిపోయింది. పైగా నాలుగు మూలల గుడ్డ కావడంతో గుర్రం నడిస్తే అది వెనక్కి జారేది.

"వదినా, నువ్వే ఒకటి కుట్టియ్యవా?"

"మనుషుల కొలతలే తెలుసు గని, గుర్రం కొలతలు నాకేం ఎరుక?"

"రొమ్ము నడిమిట్ల టేపు పెట్టి తోక దాకా గుంజు. గంతే."

అమ్మ మొదట జరీ జోలికి పోలేదు. పాత నేత చీరను గుర్రం మీద పరిచి, పిన్నీసులు పెట్టి, చాక్‌పీసుతో గీతలు గీసింది. గుర్రం వీపు సమానంగా ఉండదు. మెడ మొదట్లో ఎత్తు, నడుమున పల్లం, పిరుదుల దగ్గర మళ్లీ గుండ్రం. జాకెట్టుకు వేసినట్టే పిరుదుల దగ్గర రెండు డాట్లు వేసింది. దాంతో జారడం ఆగింది. భుజం ఆడేచోట కుట్టు రాకుండా కత్తిరించింది. ముందుకాళ్ల దగ్గర చీలికలు వదిలింది. చెమట పీల్చడానికి లోపల నూలు దుప్పటి వేసింది. నాలుగు పొరలు కలిసే మూలలో 16 నంబరు సూది విరిగితే 18 నంబరు వేసి, పాదం వాడకుండా చక్రాన్ని చేత్తో ఒక్కో కుట్టుగా తిప్పింది.

జాకెట్ల మిషన్ గుర్రానికి కుట్టడమా అని వాడకట్టులో అంతా వింతగా చెప్పుకున్నారు. కుట్టు మిషన్ పుట్టుక గురించి చదివాక నాకు అర్థమైంది, అందులో వింతేమీ లేదని. ఆ యంత్రం మొదట పుట్టింది తోలు కోసమే.

1790 జులై 17న లండన్‌లో థామస్ సెయింట్ అనే వడ్రంగి ఒక పేటెంటు తీసుకున్నాడు. బల్లలు, బీరువాలు చేసే మనిషి. బూట్లు, జీన్లు, కళ్లేల లాంటి తోలు సామాను కుట్టడానికి యంత్రం గీశాడు. గుడ్డ కుడితే సూదే దారి చేసుకుంటుంది. తోలు అలా కాదు, ముందు బెజ్జం పడాలి. చెప్పులు కుట్టేవాళ్లు ఆరెతో పొడిచి, ఆ తర్వాతే దారం దూరుస్తారు. సెయింట్ ఆ చేతిపనినే యంత్రంలో పెట్టాడు: ముందు ఆరె దిగి పొడుస్తుంది, వెనకే చీలిక మొన ఉన్న సూది దారాన్ని కిందికి నెడుతుంది, కింద కొక్కెం ఆ దారాన్ని పట్టి గొలుసు కుట్టు వేస్తుంది. పైన చాచిన చెయ్యి, నిటారుగా దిగే సూది, పనిని ముందుకు జరిపే బల్ల అప్పుడే ఉన్నాయి. కానీ అదే పేటెంటులో జిగుర్లు, వార్నిష్‌ల తయారీ కూడా కలిపి రాయడంతో ఆ కాగితం వాటి కట్టలోకి పోయింది. ఎనభై ఏళ్లకు పైగా ఎవరూ చూడలేదు. 1870లలో విలియం న్యూటన్ విల్సన్ దాన్ని వెలికితీసి నమూనా చేశాడు. కొన్ని మార్పులు చేశాకే అది నడిచింది. ఆ నమూనా లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

జీను కుట్టేవాళ్ల చేతికుట్టును మాత్రం యంత్రం ఇప్పటికీ పూర్తిగా అందుకోలేదు. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. రెండూ ఒకే బెజ్జంలో ఎదురెదురుగా దూరతాయి. ఒకచోట తెగినా మిగతాది ఊడిరాదు. మనిషి ప్రాణం ఆ కుట్టు మీద ఆధారపడుతుంది కాబట్టి మంచి జీన్లను నేటికీ చేత్తోనే కుడతారు.

గుడ్డ సంగతికి వస్తే, 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే సూది మొన దగ్గరే బెజ్జం పెట్టి, కింద షటిల్‌తో రెండో దారం నడిపి పేటెంటు పొందాడు. ఇంటింటికీ చేర్చిన పేరు మాత్రం ఐజాక్ మెరిట్ సింగర్‌ది. భార్య చేత్తో కుట్టే కష్టం చూడలేక, ప్రేమతో సింగర్ ఈ యంత్రం చేశాడని 1924లో గాంధీజీ ఒక సంభాషణలో అన్నారు. యంత్రాలను అంతగా అనుమానించిన ఆయనకు ఇది మాత్రం నచ్చింది. జరిగింది వేరు. 1850లో బోస్టన్‌లో ఆర్సన్ ఫెల్ప్స్ కార్ఖానాలో తరచూ చెడిపోయే మిషన్లను చూసి, 40 డాలర్ల పెట్టుబడితో పదకొండు రోజుల్లో సింగర్ కొత్తది నిలబెట్టాడు. గుండ్రంగా తిరిగి దారాన్ని మెలిపెట్టే షటిల్‌ను తిన్నగా ముందుకూ వెనక్కూ నడిపించాడు. సూదిని నిటారుగా దింపాడు. పేటెంటు 1851లో వచ్చింది. హోవే దావా వేసి గెలవడంతో అతనికి రాయల్టీ కట్టాల్సి వచ్చింది. 1856లో భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి పెట్టాడు. సామాన్యుల ఇళ్లలోకి మిషన్ వచ్చింది అప్పుడే. నా లెక్కలో షటిల్ ఎంత గొప్పదో వాయిదా కూడా అంత గొప్పది. మా అమ్మ మిషన్ కూడా వాయిదాల మీదే వచ్చింది.

డబ్బు చేరాక సింగర్ చేసిన పని చూడండి. పసుపు రంగు బండి ఒకటి కట్టించి, 1859లో దానికీ పేటెంటు తీసుకున్నాడు. అందులో 31 మంది కూర్చోవచ్చు. లాగడానికి తొమ్మిది గుర్రాలు. అంత పెద్ద సంతానం ఉన్న మనిషికి అంత బండి కావాలి మరి. ఇంగ్లండ్‌లోని పెయిన్టన్‌కు చేరాక 1870లలో అక్కడ గుండ్రని పెద్ద మందిరం కట్టించాడు. గుర్రాలను తిప్పడానికీ, పిల్లలతో వేడుకలకూ అదే. కొడుకు వాషింగ్టన్ సింగర్ పందేల గుర్రాలు పెంచాడు. అతని గుర్రం చాలకూంబ్ 1905లో సెయింట్ లెజర్ పందెం గెలిచింది. కుట్టు మిషన్ డబ్బు తిరిగి గుర్రాల దగ్గరికే చేరింది.

గుర్రానికీ కుట్టుకూ ఉన్న ముడి మన దగ్గరా ఉంది. బరాత్‌లో గుర్రమెక్కే పెళ్లికొడుకు జోధ్‌పురి కోటు వేసుకుంటాడు. ఆ జోధ్‌పూర్ నుంచే స్వారీ ప్యాంటు కూడా ప్రపంచానికి పోయింది. తొడల దగ్గర వదులు, మోకాలి నుంచి చీలమండ దాకా బిగుతు. సాగే గుడ్డ లేని రోజుల్లో కూర్చోవడానికీ, రికాబులో కాలు నిలపడానికీ కుదిరిన కత్తిరింపు అది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి సర్ ప్రతాప్ సింగ్ వెంట అది ఇంగ్లండ్ చేరింది.

అమ్మ కుట్టిన కప్పు ఆరేళ్లుగా వాడుతున్నాం. లోపలి నూలు గుడ్డ రెండుసార్లు మార్చింది. భుజం మీద బొచ్చు మళ్లీ నిండుగా వచ్చింది.

మీ ఇంటి అటక మీద నానమ్మ కాలంనాటి సింగర్ ఉంటే ఒకసారి కిందికి దింపండి. దుమ్ము తుడిచి, మీదున్న నంబరు చూడండి. అంకెల ముందు ఇంగ్లిష్ వై, జె, ఎఫ్, పి అక్షరాల్లో ఏదో ఒక్కటే ఉంటే అది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మిషన్లు మాత్రం చుక్క నూనె వేస్తే ఇంకా తిరుగుతాయి. దయచేసి పాత ఇనుము కింద తూకానికి అమ్మకండి.