సెల్‌ఫోను బ్యాటరీలో నిప్పు ఎక్కడిది?

టార్చిలైటులో వేసే ఘటము పాతబడితే కారుతుంది, తుప్పు పడుతుంది, భగ్గున మండదు. సెల్‌ఫోనులోని లిథియం బ్యాటరీ మాత్రము, అరుదుగానైనా, మండుతున్నది. ఈ భేదమునకు మూలము లోపలి ద్రవములో ఉన్నది.

1800లో వోల్టా తన ఘటమాలలో లోహపు బిళ్లల మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్కలు ఉంచినాడు. ఆ తరువాత చాలకాలము ఘటములకు నీరే ఆధారము. లిథియముతో ఆ పని సాగదు. సోడియం ముక్కను నీటిలో వేస్తే ఏమవుతుందో విద్యార్థులు చూచియే ఉందురు. లిథియం ఆ కుటుంబములోనిదే. పైగా వోల్టేజి హెచ్చితే నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోతుంది. అందుచేత నీటికి బదులు, సులభముగా అంటుకొనే కర్బన ద్రావణులను వాడవలసివచ్చినది. ఎక్కువ వోల్టులు కోరుకొన్ననాడే నిప్పుకు కూడ చోటిచ్చినట్లయినది.

1970 దశకములో అమెరికాలోని ఎక్సాన్ సంస్థలో స్టాన్లీ విటింగ్‌హామ్ ఋణధ్రువమునకు లిథియం లోహమును, ధనధ్రువమునకు టైటానియం డైసల్ఫైడును వాడినాడు. ఘటము బాగుగా పనిచేసినది. కాని మరల మరల ఛార్జి చేయగా లిథియం సమముగా పరచుకొనక మీసములవలె మొలిచేది. ఆ మొలకలు అవతలి ధ్రువమును తాకితే లోపలనే షార్టు సర్క్యూటు! ఆ ప్రయోగశాలకు అగ్నిమాపక దళము పలుమారులు రావలసివచ్చినదట. 1989లో కెనడాలోని మోలీ ఎనర్జీ చేసిన లోహపు ఘటములు జపానులో ఫోనులలో అంటుకొనగా, వాటిని వెనుకకు తెప్పించినారు.

అప్పటికే మరియొక దారి తెరచుకొన్నది. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడినఫ్, అతని సహచరులు ధనధ్రువమునకు లిథియం కోబాల్టు ఆక్సైడును వాడి నాలుగు వోల్టులు సాధించినారు. 1985లో జపానులో అకిరా యోషినో లోహమును పూర్తిగా విడిచి, ఋణధ్రువమునకు పెట్రోలియం కోకును ఎన్నుకొన్నాడు. లిథియం అయానులు ఆ కర్బనములో ఒదిగి ఉంటవి. ఈ ఘటముపై పెద్ద ఇనుపదిమ్మెను జారవిడిచి చూచినాడు, ఏమియు కాలేదు. లోహపు ఘటము అదే పరీక్షలో పేలిపోయినది. నాలుగు వోల్టులకంటె ఈ దిమ్మె పరీక్షయే గొప్పదని చెప్పవచ్చును. 1991లో సోనీ ఇటువంటి ఘటములను అంగడికి తెచ్చినది. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

లోహము పోయినది గాని, మండే ద్రవము పోలేదు. ధ్రువములను వేరుచేసేది కాగితముకంటె పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. ఎక్కడైన రెండు ధ్రువములు తాకితే వేడి పుడుతుంది. సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పాలిఎథిలీను పొర కరుగుతుంది. తాకే చోటు విస్తరిస్తుంది. ఇంకను వేడెక్కితే కోబాల్టు ఆక్సైడు తనలోని ఆక్సిజనును వదులుతుంది. వేడి రసాయనికచర్యను పెంచుతుంది, చర్య వేడిని పెంచుతుంది. ఇంధనము, ఆక్సిజను రెండును లోపలనే దొరకుటచేత, పైన మూతవేసి ఆర్పుట కుదరదు.

2016లో సాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోనులలో జరిగినది ఇదే. సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు పిలిచి, వేరొక తయారీదారు బ్యాటరీలు గల ఫోనులను ఇచ్చినారు. వాటిలోను కొన్ని మండినవి. 2017 జనవరిలో కంపెనీ కారణములు వెల్లడించినది. మొదటి రకము బ్యాటరీలలో ఒక మూల ఋణపత్రము వంగిపోయినది. రెండవ రకములో వెల్డింగు వద్ద మిగిలిన లోహపు మొనలు ఆ పలుచని పొరను చీల్చినవి.