పాలంపేటలో పదియవ వంతు

పేట యను మాట మన ఊళ్ల పేర్లలో ఎంత తరచుగా వినబడునో, దాని అర్థము అంత అరుదుగా స్మరింపబడుచున్నది. వర్తకులును పనివారలును కూడి నివసించి క్రయవిక్రయములు సాగించెడి చోటునకు పేట యని పేరు. మునుపు వరంగల్లు జిల్లాలో నుండి, నేడు ములుగు జిల్లాలో చేరిన పాలంపేట చిన్న పల్లెయే. దానికి ఖ్యాతి దెచ్చిన రుద్రేశ్వరాలయమును కాకతి గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు శాలివాహన శకము 1135లో, అనగా క్రీ. శ. 1213లో, ప్రతిష్ఠించెను. అయినను ఆ పేరు శాసనములు చదువువారికే పరిమితము. జనులు రామప్ప గుడి యందురు, రామప్ప దానిని చెక్కిన శిల్పి యని ఐతిహ్యము. దేవునికిని దాతకును ఉమ్మడియైన పేరు మరుగుపడి పనివాని పేరు నిలుచుట మన దేశమున తరచుగా జరుగు సంగతి కాదు.

ఆ పనిలో ప్రాతయెంత, క్రొత్తయెంత? ఎర్రని ఇసుకరాతి గోడలు కట్టుట, నల్లరాతిని అద్దమువలె నునుపు చేయుట తరతరముల విద్యలు. కాని పునాది గుంటను ఇసుకతో నింపి దానిపై ఆలయమును నిలుపుటయు, ఆ పునాదికి భారము కాకుండునట్లు శిఖరమును నీట మునుగని తేలిక ఇటుకతో కట్టుటయు సాహసికుల యోచనలు. మట్టి పిసికి ఇటుక కాల్చుట మాత్రము ఏ పల్లెటూరి ఆవమునకైనను తెలిసిన పనియే. ఆవము పెట్టువాని చేయి లేనిచో ఆ యోచన యోచనగానే మిగిలిపోయెడిది.

క్రొత్త సాహసమునకు ఆ కాలము కట్టిన వెల యెంతో చెరువులు చెప్పును. రుద్రుని నాటి రామప్ప చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. పాకాల చెరువును ఆ కాలపుదే. చెరువు త్రవ్వించినవానికి, లేదా తెగిన గట్టు మరల పోయించినవానికి, దాని క్రింద సాగైన భూమిలో పదియవ వంతు దశబంధ మాన్యముగా దక్కెడి ఆచారము తెలుగుదేశమున చిరకాలము నడచినది. సొమ్మొడ్డినవానికి ఫలములో భాగము కలదు. తక్కిన తొమ్మిది వంతులు మాత్రము అతనివి కావు. నేటి అంకుర సంస్థలకు పెట్టుబడి పెట్టువారు అడిగెడి వాటాలను వినునపుడెల్ల నాకీ దశబంధము గుర్తునకు వచ్చి నవ్వు పుట్టును.

వచ్చినవాడు సముద్రము దాటిన పరదేశి యైనచో? గాలివానకు ఒడ్డునబడిన ఓడలోని సరకును పూర్వరాజులు బలిమిని హరించెడివారనియు, ఇకపై నియమితమైన సుంకము తప్ప మరేమియు గైకొనమనియు గణపతిదేవుడు శకము 1166లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. కీర్తికిని ధర్మమునకును చేసితినని శాసనము చెప్పుకొన్నది. రేవు నడువనిదే బొక్కసము నిండదన్న ఎరుకయు దాని వెనుక లేకపోలేదు. క్రీ. శ. పదుమూడవ శతాబ్ది చివర ఈ సీమను వర్ణించిన మార్కోపోలో ఇచ్చటి సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. ఓడలు క్రొత్తవి, మగ్గములు ప్రాతవి, ఒకదానికొకటి అక్కరపడినవి.

ఎల్లప్పుడు నట్లే జరిగెనని చెప్పరాదు. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసినపుడు, నూలు వడకి బట్ట నేయు ఆ మహాయంత్రము ముందు చేతిమగ్గమెంత కాలము నిలుచునని సందేహింపనివాడుండడు. చివరకు మూతబడినది మిల్లే. ఆ ఊరి కొత్తవాడలో, పేరునకు కొత్తదే యైనను వృత్తికి ప్రాతదైన ఆ వాడలో, జంపఖానాల మగ్గములు నేటికిని ఆడుచున్నవి. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

2021 జూలైలో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కెను. అప్పటినుండి పాలంపేట పేరు దూరదేశములకు ప్రాకినది. యాత్రికుల కొరకు విడుదులు కట్ట నెంచువారు, ఫోనులోనే ప్రయాణమంతయు కుదిర్చిపెట్టెడి సంస్థలవారు ఇట్టి చోట్లకు రాకమానరు. వారికి దక్కవలసిన వంతు ఎంతయో, గుడి దారిలో కొబ్బరికాయలమ్ముకొనువానికి మిగులవలసిన వంతు ఎంతయో నిర్ణయించి రాతిపై చెక్కించిన రుద్రుడు ఇంకను కానరాలేదు.