పాత బ్రౌజరూ మన చుట్టమే

కొత్త కోడలు కాపురానికి రాగానే పాత సామానంతా అటకెక్కడం చాలా ఇళ్ళలో మామూలే. అటకెక్కిన బిందెకు నోరు లేదు గనుక సరిపోయింది. కానీ ఇంకా ఆ బిందెతోనే నీళ్ళు తెచ్చుకునే మనిషి సంగతేమిటి? వెబ్ పేజీల చరిత్రలో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందంటే నమ్ముతారా?

బ్రౌజరంటే మనకేం కొత్త కాదు. వంటల గురించి చదివినా, పిల్లల పరీక్షా ఫలితాలు చూసినా ఆ కిటికీలోంచే కదా! మొట్టమొదటి కిటికీని 1990లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఇంగ్లీషాయన జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనా సంస్థలో తయారుచేశాడు. చేశాడు సరే, అది నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు! ఊరంతటికీ శుభలేఖలు పంచి, కారున్నవాళ్ళు మాత్రమే పెళ్ళికి రండి అన్నట్టు లేదూ?

ఆ చిక్కు విప్పింది ఓ అమ్మాయి. పేరు నికోలా పెల్లో. ఇంగ్లండులో లెస్టర్ పాలిటెక్నిక్‌లో గణితం చదువుకుంటూ సెర్న్‌లో పని నేర్చుకోవడానికి వచ్చింది. ఆమె రాసిన లైన్ మోడ్ బ్రౌజరులో బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌసు అక్కర్లేదు. అక్షరాలు వరసగా వస్తాయి. ఇంకో పేజీకి వెళ్ళాలంటే పక్కనున్న అంకె కొట్టడమే. అందుకే 1991 నాటికి రకరకాల కంప్యూటర్లలో, సాదాసీదా వాటిలో కూడా అది చక్కగా పనిచేసింది. ఆయన పేరు తెలిసినంతమందికి ఈవిడ పేరు తెలియదు. అదీ మామూలేగా!

1993లో మొజాయిక్ వచ్చి మాటల మధ్య బొమ్మలు చూపించింది. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. ఇక చూడండి తోడికోడళ్ళ పోటీ! ఒకావిడ అక్షరాలను మిణుకుమిణుకుమనిపిస్తే, ఇంకొకావిడ వాటిని తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తించింది. ఒకరి విద్య ఇంకొకరికి రాదు. అయినా ప్రమాదం జరగలేదు. ఎందుకంటే మొదటినుంచీ ఒక మంచి అలవాటుంది. తనకు తెలియని గుర్తు కనబడితే బ్రౌజరు గోల చెయ్యదు. గుర్తును వదిలేసి, దాని మధ్యనున్న మాటలు చూపిస్తుంది. మిణుకులు పోతాయి, మాట మిగులుతుంది.

ఈ మర్యాదను చాలామంది మరిచిపోయారు. 'ఈ పేజీ ఫలానా బ్రౌజరులోనే బాగుంటుంది' అంటూ గుమ్మానికి బోర్డులు తగిలించారు. అసలు సంగతినే బొమ్మలో పెట్టి, బొమ్మ కింద నాలుగు మాటలు రాయడానికి బద్ధకించారు. బొమ్మ కనిపించని పాత బ్రౌజరువాడికి అక్కడ శూన్యం. పేజీని పైకి చదివి వినిపించే పరికరం మీద ఆధారపడే అంధులకూ అంతే! పాత బ్రౌజరును ఆదరించేవాళ్ళు తెలియకుండానే వీళ్ళకూ చెయ్యందిస్తారన్నమాట.

మన తెలుగు సంగతి చెప్పనా? 1990లలో వెబ్‌లోకి వచ్చిన తెలుగు పేజీలు చాలావరకు ఎవరి ఫాంటు వాళ్ళదే. అమెరికాలో ఉన్నవాళ్ళు తెలుగు పేపరు చదవాలంటే ముందు ఆ ఫాంటు తెచ్చి కంప్యూటరులో పెట్టుకోవాలి. లేకపోతే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మామూలు కంప్యూటర్లకు గౌతమి అక్షరాలు విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గానీ అందలేదు. ఆ ఫాంటు చేజారితే ఆనాటి పేజీలు ఈనాటికీ పిచ్చి గుర్తులే. ఎన్ని కథలు, ఎన్ని ఉత్తరాలు అలా మూగబోయాయో!

2003లో స్టీవ్ చాంపియన్, నిక్ ఫింక్ అనే ఇద్దరు దీనికో పద్ధతి చెప్పారు. ముందు మాటలు అందరికీ అందేట్టు రాయండి. ఆ తర్వాత, చూపించగలిగిన బ్రౌజరుకు రంగులూ సొగసులూ ఇవ్వండి. హంగులు చివర. మన ఇళ్ళలో ఇది తెలియనిదెవరికి? వచ్చినవాళ్ళందరికీ అన్నం, పప్పు సరిపోవాలి. పిండివంటలు మన ఓపికను బట్టి.

లోకాన్నేలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పేసింది. దానికోసమే కట్టిన పేజీలు దానితోపాటే చిక్కుల్లో పడ్డాయి. మరి సెర్న్‌లో ఆ మొట్టమొదటి పేజీ? 2013లో దాన్ని మళ్ళీ పాత చిరునామాలోనే నిలబెట్టారు. ఏ నగా లేని నాలుగు మాటల పేజీ. మీ చేతిలోని ఫోనులో తెరిచి చూడండి, హాయిగా చదువుకోవచ్చు. నికోలా పెల్లో బ్రౌజరు ఎలా ఉండేదో చూపించే నమూనా కూడా అదే ఏడాది తయారుచేశారు. ఓసారి మీ అమ్మాయికి కూడా చూపించండి.